నోటిమాటకు ఇల్లు ఖాళీ చెయ్యొద్దు

పెనుకొండ

చి.ల.సౌ. మేనకోడలికి మీ మామ ఆశీర్వదించి రాయునది.

నెలాఖరుకు బాడుగ ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పినట్టు నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నా మనసు హిందూపురంలోనే ఉంది. పెద్దోడికి బడి మధ్యలో ఉంది, చంటిది ఇంకా నీ చంక దిగలేదు, అల్లుడికి తూముకుంట ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు. ఇంత తక్కువ వ్యవధిలో ఇల్లెక్కడ దొరుకుతుందని నీ దిగులు. అల్లుడేమో, పెద్దమనిషితో గొడవ మనకెందుకు, సామాన్లు బండికెత్తి కొన్నాళ్ళు ఊళ్ళో పెడదాం అంటున్నాడట. ఇద్దరూ తొందరపడొద్దు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని ఇదంతా కాగితం మీద పెడుతున్నా. తీరిగ్గా చదువుకొని అల్లుడికీ చదివి వినిపించు.

నేను లాయరును కాను, నీకు తెలుసు. ప్లీడరు దగ్గర గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఇల్లు ఖాళీ దావాల కట్టలు కట్టడం, విప్పడంలోనే నా వయసు గడిచింది. ఓడిపోయిన బాడుగదారుల్లో చాలామంది చట్టం తమవైపు లేక ఓడిపోలేదు. కొందరు భయపడి ముందే తాళంచెవులు ఇచ్చేసి, ఆ తర్వాత మా ఆఫీసు మెట్లెక్కారు. కొందరు కోపంతో బాడుగ కట్టడం ఆపేశారు. ఇంకొందరు నోటీసు తీసుకోకుండా పోస్టుమాన్‌ను వెనక్కి పంపారు. ఈ మూడు పనులూ నువ్వు చెయ్యకుండా ఉండాలనే ఈ ఉత్తరం.

ముందు ఒక్క మాట గట్టిగా మనసులో పెట్టుకో. ఖాళీ చెయ్యమని అడిగే హక్కు ఇంటాయనకు ఉంది. ఖాళీ చేయించే అధికారం మాత్రం కోర్టుకే ఉంది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పినా, ఆయన కొడుకు నలుగురిని వెంటేసుకొని వచ్చినా, వార్డు పెద్దమనిషి పంచాయితీ పెట్టినా, పోలీసు స్టేషనుకు పిలిపించినా అవేవీ కోర్టు ఉత్తర్వులు కావు. 1989లో కృష్ణరాం మహాలె కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. ఒక మనిషి స్థిరంగా స్వాధీనంలో ఉన్నప్పుడు, అతనికి అక్కడ ఉండే హక్కు లేదనే అనుకున్నా సరే, యజమాని చట్టం దారిన తప్ప అతన్ని వెళ్ళగొట్టకూడదు. నువ్వు బాడుగ కడుతూ ఉన్నదానివి. నీ సంగతి వేరే చెప్పాలా?

అయితే రెండో సగం కూడా దాచకుండా చెప్పాలి, లేకపోతే నిన్ను మోసం చేసినట్టే. చట్టం నీకు వ్యవధి ఇస్తుంది, ఇల్లు ఇవ్వదు. ఆ ఇల్లు ఆయనది. ఆయన పద్ధతిగా నోటీసు ఇచ్చి, దావా వేసి, పట్టుదలగా నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు నువ్వు ఖాళీ చెయ్యాల్సిందే. మన చేతిలో ఉన్నదల్లా ఆ వ్యవధిని సరిగ్గా వాడుకోవడం. బిడ్డల చదువు చెడకుండా, అడ్వాన్సు పోకుండా, నలుగురిలో తలవంపులు రాకుండా, మనం అనుకున్న తేదీకి బయటికి రావడం.

ఒకప్పుడు ఇంతకంటే గట్టి రక్షణ ఉండేది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1941లో మద్రాసు ప్రభుత్వం ఇళ్ళ అద్దెల మీద అదుపు ఉత్తర్వు తెచ్చింది. యుద్ధం అయిపోయినా ఇళ్ళ కరువు పోలేదు, కాబట్టి ఆ అదుపూ పోలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో భవనాల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం వచ్చింది. మేము రెంట్ కంట్రోల్ చట్టం అనేవాళ్ళం. దాని ప్రాణం 10వ సెక్షనులో ఉండేది. కారణం చూపకుండా బాడుగదారుణ్ణి ఖాళీ చేయించడానికి వీలుండేది కాదు. కావాలని బాడుగ ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా ఇంకొకరికి బాడుగకివ్వడం, ఇంటిని పాడుచెయ్యడం, ఇరుగుపొరుగును పీడించడం, యజమానికి నిజంగా సొంతానికి కావలసిరావడం - ఇట్లాంటి కారణాల్లో ఏదో ఒకటి రుజువు కావాల్సి ఉండేది. కొడుక్కి పెళ్ళయింది, ఇల్లు కావాలని యజమాని అంటే, ఆ కొడుకు ఎక్కడుంటున్నాడు, యజమానికి ఊళ్ళో ఇంకో ఇల్లుందా అని కోర్టు ఆరా తీసేది.

ఆ గొడుగు కింద నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ వచ్చారు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్ళకు చట్టం వర్తించదన్న నిబంధనను 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే అదే ఏడాది చివర ప్రభుత్వం జీవో ఇచ్చి, కట్టి పదేళ్ళు కాని ఇళ్ళకూ, నెలకు వెయ్యి రూపాయలు దాటిన బాడుగలకూ మినహాయింపు పెట్టింది. 2005 సవరణతో ఆ హద్దు కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 అయింది. హిందూపురం మునిసిపాలిటీ. అక్కడ రెండు వేలకు ఇప్పుడు ఒక గది కూడా రాదు. నువ్వు కట్టేది అంతకు ఎన్నో రెట్లు. అంటే ఆ పాత రక్షణ నీదాకా రాదు. 2017లో మన రాష్ట్రం నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం అని కొత్తది చేసింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టానిదీ అదే దారి: రాతపూర్వక ఒప్పందం, అద్దెలకంటూ వేరే అధికారి, వేరే కోర్టు. నీ ఒప్పందం తేదీ, బాడుగ మొత్తం, ఇల్లు కట్టిన ఏడాది చూసి ఏ చట్టం కింద నిలబడాలో లాయరు చెప్పాలి. ఏ చట్టమైనా, తీర్పు లేకుండా తోసెయ్యమని మాత్రం ఎక్కడా లేదు.

రెంట్ కంట్రోల్ దాటి, కొత్త చట్టం కిందికీ రాని ఇళ్ళకు దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 106వ సెక్షను ప్రకారం నెలనెలా బాడుగ మీద ఉన్నవాళ్ళకు పదిహేను రోజుల నోటీసు చాలు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఇది అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఇంగ్లండులో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతిని తీసేస్తూ 2025లో చట్టం చేశారు. మన దగ్గర పసిబిడ్డతో ఉన్న ఇల్లాలికి పదిహేను రోజులు. ఒకప్పుడు ఆ నోటీసు బాడుగ నెల ముగిసే రోజుకు సరిగ్గా కుదరాలి, ఒక్క రోజు తప్పినా దావా పోయేది. 2002 చివర్లో సవరణ వచ్చాక ఆ పట్టు కూడా పోయింది. ఇప్పుడు నోటీసులో గడువు తక్కువ రాసినా, దావా పదిహేను రోజులు దాటాక వేస్తే చెల్లుతుంది.

ముందు మీ ఒప్పందం బయటికి తీసి చూడు. దాంట్లో గడువు ఇంకా మిగిలి ఉండి, మధ్యలో ఖాళీ చేయించే షరతు లేకపోతే, నువ్వు ఏ షరతూ మీరనంత వరకు ఆ గడువు నీదే. గడువు అయిపోయినా ఇంటాయన బాడుగ తీసుకుంటూ వచ్చాడు కాబట్టి నెలనెలా బాడుగదారుగా కొనసాగుతున్నట్టు లెక్క. పదకొండు నెలల కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. మన రాష్ట్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, ఎంత కాలానిదైనా లీజు పత్రం రిజిస్టరు కావాలని పెట్టింది. ఎవరూ చేయించరనుకో. చేయించనంత మాత్రాన నువ్వు దిక్కులేనిదానివి కావు. రిజిస్టరు కాని పత్రం ఉన్నా, ఇల్లు అప్పగించి బాడుగ తీసుకున్నాక నెలవారీ బాడుగ సంబంధం ఏర్పడినట్టేనని 2000లో ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఇంటి యజమాని ఇల్లు వేరేవాళ్ళకు అమ్మేస్తానని బెదిరించాడన్నావే, అమ్ముకోనీ. కొన్నవాడు ఇంటితో పాటు బాడుగదారునీ తీసుకున్నట్టే. ఆయనా నోటీసు, దావా దారిలోనే రావాలి.

ఆయన తొందరకు కారణం నాకు అర్థమవుతోంది. 2017 ఏప్రిల్‌లో కియా మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మా పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు అమ్మకానికి వచ్చింది, డిసెంబరులో ఫ్యాక్టరీని ఘనంగా ప్రారంభించారు. దాని వెంట విడిభాగాల కంపెనీలు, వాటి వెంట ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగులు. రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. కంపెనీ పేరున లీజు అంటే ఇంటి యజమానులకు ఆశ పుట్టదా? ఆ ఫ్యాక్టరీల్లో రాత్రనక పగలనక పనిచేసే మన అల్లుడిలాంటి వాళ్ళే ఆ పెరిగిన బాడుగలకు ఇళ్ళు వదులుకోవాల్సి రావడం నాకు కడుపు మండే విషయం. జీతం పెరిగిన వేగం వేరు, బాడుగ పెరిగిన వేగం వేరు. అయినా ఆయన ఆశను తప్పుపట్టి మనకు ఒరిగేది లేదు. అది తెలుసుకుంటే బేరానికి పనికొస్తుంది.

ఇప్పుడు బాడుగ సంగతి. ఇక్కడ మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గెలుపోటములు ఇక్కడే తేలతాయి. ఖాళీ చెయ్యమన్నాడు కదా, అడ్వాన్సులో పట్టుకుంటాడులే అని ఈ నెల నుంచి బాడుగ ఆపొద్దు. అట్లా ఆపితే రేపు కోర్టులో ఆయన చేతికి ఒక కారణం మనమే అందించినట్టు. గూడూరులో మోడరన్ హోటల్ కేసు ఒకటుంది. చట్టం ఒప్పుకున్నదానికంటే ఎక్కువ అడ్వాన్సు యజమాని దగ్గరే ఉన్నప్పుడు, బాడుగదారు ఎగవేతదారు కాడని 1989లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ హోటలువాళ్ళకు న్యాయం సుప్రీంకోర్టులో దొరికింది. మనం అంతదాకా పోవాల్సిన అవసరం రాకూడదు కదా. కాబట్టి తేదీ తప్పకుండా కట్టు. చేతికి ఇవ్వొద్దు. ఆయన ఫోన్‌పే నంబరుకో బ్యాంకు ఖాతాకో పంపు, పంపేటప్పుడు ఏ నెల బాడుగో అక్కడే రాయి. ఇన్నాళ్ళూ చేతికిచ్చిన నెలలకు రసీదులు లేకపోతే, ఆయనతో నడిచిన వాట్సాప్ మాటలు, ఏటీఎంలో డబ్బు తీసిన తేదీలు అన్నీ ఒకచోట చేర్చు. మాటలు చెరిపెయ్యొద్దు, ఫోన్ మార్చేటప్పుడు జాగ్రత్త.

ఆయన బాడుగ తీసుకోనంటే? ఇది పాత ఎత్తు. ఆర్నెల్లు తీసుకోకుండా ఉండి, తర్వాత ఆర్నెల్ల బాకీ అని దావా వేసేవాళ్ళు. 1960 చట్టంలో 8వ సెక్షనును దీనికి విరుగుడుగా పెట్టారు. ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి. దాన్నీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమకట్టాలి. నీకు ఆ సెక్షను వర్తించినా వర్తించకపోయినా దాని బుద్ధి వర్తిస్తుంది. ఫలానా నెల బాడుగ ఇవ్వబోతే తీసుకోలేదు, ఖాతా నంబరు తెలపండి, డబ్బు సిద్ధంగా ఉంది అని ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకో. ఆ డబ్బు మాత్రం ఇంటి ఖర్చుకు వాడొద్దు, వేరే ఉంచు. ఇంకో అపోహ కూడా విన్నాను, నోటీసు ఇచ్చాక ఆయన బాడుగ తీసుకుంటే నోటీసు రద్దయిపోయినట్టేనని. అంత మాత్రాన కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. దాన్ని నమ్ముకోకు. అట్లాగే, పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు మనదే అవుతుందని అల్లుడి స్నేహితులు ఎవరైనా ఎక్కిస్తే ఆ మాట నోట్లోంచి కూడా రానివ్వొద్దు. బాడుగకు దిగినవాడు యజమాని హక్కును కాదనడానికి లేదు. పాత చట్టంలో అట్లా కాదనడమే ఖాళీ చేయించడానికి ఒక కారణం.

ఇంక పోస్టుమాన్. లాయరు నోటీసైనా, కోర్టు సమనైనా వస్తే సంతకం పెట్టి తీసుకో. తీసుకోకపోతే కేసు లేదనుకునే అమాయకత్వం మన పల్లెల్లో ఇంకా ఉంది. సరైన చిరునామాకు పంపిన కవరు మీద ‘తిరస్కరించారు’ అని రాసి వెనక్కి పోతే అది నీకు అందినట్టే లెక్క. ఆ తర్వాత కోర్టులో నీ పేరు పిలుస్తారు, నువ్వుండవు, ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. ఒకరోజు పొద్దున అమీనా వచ్చి తలుపు తట్టేదాకా నీకు తెలియదు. నేను చూసినవాటిలో ఇంతకంటే బాధాకరమైన కేసులు లేవు. కోర్టులో చెప్పుకోవడానికి వాళ్ళకు ఎంతో ఉండేది, చెప్పే అవకాశమే లేకుండా పోయింది. ఎక్స్‌పార్టీ డిక్రీని తీసేయమని అడగడానికి ముప్పై రోజుల గడువుంది, కానీ అది నిప్పు అంటుకున్నాక నీళ్ళు వెతకడం. నోటీసు వస్తే లాయరుతో జవాబు ఇప్పించు. సమను వస్తే ముప్పై రోజుల్లో మన జవాబు కోర్టులో పడాలి. ఆయన దావా వేస్తాడని అనుమానముంటే ముందే కేవియట్ వేసి ఉంచితే తొంభై రోజుల వరకు మనకు చెప్పకుండా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోలేడు.

ఖర్చుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. పారిశ్రామిక కార్మికులు కూడా ఆ జాబితాలో ఉన్నారు కాబట్టి ఒప్పందం అల్లుడి పేరున ఉన్నా ఇబ్బంది లేదు. హిందూపురం కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీని అడుగు, లేదా 15100 నంబరుకు ఫోన్ చెయ్యి. దావా పడకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవచ్చు. అక్కడ అయిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే అక్కడ సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదువు.

ఆయన దౌర్జన్యానికి దిగితే ఏం చెయ్యాలో కూడా తెలిసి ఉండాలి. హిందూపురంలో నీళ్ళ విలువ నీకు చెప్పక్కర్లేదు. కుళాయి కట్టేస్తే, కరెంటు ఫ్యూజు పీకితే వారంలో మనిషి తనంతట తానే పోతాడని కొందరి లెక్క. కరెంటు మనిషికి కనీస అవసరమనీ, యజమాని ఒప్పుకోలేదన్న సాకుతో కనెక్షను నిరాకరించడానికి లేదనీ 2022లో దిలీప్, సతీష్‌ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాంటిది జరిగితే ఫోటోలు, వీడియో తీసి, ఇంజంక్షన్ దావా వెయ్యాలి. నన్ను చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకుండా, వసతులు ఆపకుండా ఆపండి అని. నువ్వు లేనప్పుడు తాళం వేసేస్తే నువ్వు పగలగొట్టొద్దు. 112కు ఫోన్ చెయ్యి, స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకో. స్వాధీనం బలవంతంగా పోతే ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద దావా వేసి తిరిగి పొందొచ్చు. అందులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎవరు స్వాధీనంలో ఉన్నారు, ఎట్లా తోసేశారు అన్నదే చూస్తారు. స్టేషనుకు పిలిచి ఫలానా తేదీకి ఖాళీ చేస్తానని రాసివ్వమంటే రాయొద్దు. ఇది సివిల్ తగాదా, మా లాయరుతో మాట్లాడి చెప్తాం అని మర్యాదగా చెప్పి వచ్చెయ్యండి. తెల్ల కాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు.

ఇదంతా చదివి నువ్వు యుద్ధానికి సిద్ధమవుతావేమో. నా సలహా అది కాదు. కోర్టులో ఏళ్ళ తరబడి సాగదీయొచ్చని చెప్పేవాళ్ళు ఉంటారు. సాగదీసినదానికి వెల ఉంది. ఖాళీ చెయ్యమని డిక్రీ అయ్యాక అప్పీలులో స్టే కావాలంటే, పాత బాడుగ కాదు, మార్కెట్టులో ఆ ఇంటికి వచ్చే బాడుగ కట్టమనే అధికారం కోర్టుకుందని 2004లో ఆత్మారాం ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు అంది. పైగా యజమానితో రోజూ మొహాలు తిప్పుకుంటూ ఒకే గోడ కింద బతకడం నీ పిల్లలకు మంచిది కాదు. నువ్వు అడగాల్సింది పెద్దోడి పరీక్షలు అయ్యేదాకా గడువు. ఏప్రిల్ నెలాఖరుకు ఖాళీ చేస్తాం, అప్పటిదాకా ఇదే బాడుగ, అడ్వాన్సు మొత్తం తాళంచెవులు ఇచ్చే రోజే తిరిగి ఇవ్వాలి, సున్నం, రంగుల పేరుతో కోత ఇంతకు మించకూడదు - ఈ నాలుగూ కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. దావాకు పట్టే కాలం ఆయనకూ తెలుసు. తేదీ ఖాయమైతే కంపెనీవాళ్ళకు మాటివ్వొచ్చని ఆయనా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న తేదీని మాత్రం మీరు తప్పొద్దు.

అల్లుడు ఈసారి భోగ్యానికి ఇల్లు చూద్దాం, నెలనెలా బాడుగ బాధ ఉండదు అంటున్నాడన్నావు. బెంగళూరు గాలి మన హిందూపురానికి ఎప్పుడో తగిలింది. లక్షలు ఒకేసారి చేతిలో పోసి, రెండేళ్ళో మూడేళ్ళో ఉండి, పోయేరోజు డబ్బు వెనక్కి తీసుకోవడం. వినడానికి బాగుంటుంది. స్టాంపు పేపరు మీద నాలుగు ముక్కలు రాసుకొని చీటీపాట డబ్బు, నీ నగల డబ్బు అందులో పొయ్యొద్దు. చట్టంలో దీన్ని భోగ్య తనఖా అంటారు. రిజిస్టరు చేయిస్తే, డబ్బు తిరిగి ఇచ్చేదాకా ఇల్లు మీ స్వాధీనంలో ఉంచుకునే హక్కు ఉంటుంది. రిజిస్టరు కాకపోతే మీరు అప్పిచ్చిన మనుషులు మాత్రమే. ఆ ఇంటి మీద ఆయన ముందే బ్యాంకు అప్పు తీసుకొని కట్టకపోతే, బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టంతో వచ్చి ఇంటిని తీసుకుంటుంది. అప్పుడు రిజిస్టరు కాని కాగితంతో మీరు నిలబడటం చాలా కష్టం. ముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఇంటి లావాదేవీలు చూపే ఈసీ తీయించండి. ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూడండి. ఇవి రెండూ చూపించడానికి వెనకాడే యజమాని ఇల్లు వద్దు.

ధర్మవరంలో మీ చిన్నమ్మ సంగతి కూడా ఇందులోనే రాసేస్తున్నా, ఆమెకు ఈ కాగితం చదివి వినిపించు. ఆమె ఉన్న పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతారట, వాళ్ళనూ లెమ్మంటున్నారు. ఆమెది నీలాంటి కష్టం కాదు. నీ సామాన్లు ఒక బండిలో పోతాయి. ఆమె ఇంట్లో గుంత మగ్గం ఉంది. ఇల్లు మారడమంటే మగ్గం విప్పడం, కొత్త ఇంట్లో గుంత తవ్వుకోవడానికి ఒప్పుకునే యజమానిని వెతకడం, జకార్డు నిలబడేంత ఎత్తున్న కప్పు దొరకడం. అన్నింటికంటే ముందు, పడుగు ఎక్కించి ఉన్న మగ్గాన్ని మధ్యలో కదిలించడానికి లేదు. షావుకారు ఇచ్చిన పట్టు అది, చీరలు లెక్కచెప్పాలి. కాబట్టి ఆమె తేదీ అడిగేటప్పుడు క్యాలెండరు చూసి కాదు, పడుగు అయిపోయే రోజు చూసి అడగాలి. ఆ మాట యజమానికి రాతలో చెప్పాలి. ధర్మవరంలో ఇల్లున్న మనిషికి పడుగంటే ఏమిటో విడమరచి చెప్పాల్సిన పని లేదు.

బాకీ ఉందని మగ్గాన్ని పట్టుకుంటామని ఆ ఇంటి యజమానులు అన్నారట. అట్లా కుదరదని ఆమెకు ధైర్యం చెప్పు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం, కోర్టు డిక్రీ అయినా సరే, చేతివృత్తి మనిషి పనిముట్లను జప్తు చెయ్యడానికి లేదు. కోర్టుకే లేని అధికారం ఇంటి యజమానికి ఎక్కడిది? మగ్గం ఆమెది, పోయేటప్పుడు తీసుకుపోతుంది. గుంత మాత్రం పూడ్చి, నేల మొదట ఎట్లా ఉందో అట్లా చేసి ఇవ్వాలి, అది ఆమె బాధ్యత. ఆమె బాడుగ ఇప్పటికీ రెండు వేల లోపే, ఇల్లు పాతది. ఎన్నో ఏళ్ళుగా ఉంటోంది. పాత చట్టం రక్షణ ఆమెకు ఏ మేరకు మిగిలి ఉందో ధర్మవరం కోర్టులో లాయరును తప్పకుండా అడగమను. నీకంటే ఆమె వాదన బలంగా ఉండొచ్చు. అన్నయ్య చెప్పాడని, ఆ పాత రసీదులు ఒక్కటీ పారెయ్యొద్దని చెప్పు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినవి. ఈ నెల బాడుగ ఐదో తేదీలోపల ఆయన ఖాతాలో వెయ్యి. ఒప్పందం కాగితం, అడ్వాన్సు ఇచ్చిన ఆధారం, కరెంటు బిల్లులు, పెద్దోడి బడి ఫీజు రసీదు, ఆధార్ కార్డులు ఒక సంచిలో పెట్టి, అన్నిటి ఫోటోలు నాకు పంపు. ఇంట్లో గోడలు, తలుపులు, కుళాయిలు ఇప్పుడెట్లా ఉన్నాయో వీడియో తీసి ఉంచు. అల్లుడు ఆయనతో గట్టిగా మాట్లాడొద్దు. ఏం మాట్లాడినా సాయంత్రం అదే మాట వాట్సాప్‌లో మర్యాదగా రాసి పంపమను. వచ్చే ఆదివారం నేను హిందూపురం వస్తాను, ముగ్గురం కలిసి ఇంటాయన దగ్గరికి పోయి గడువు సంగతి మాట్లాడదాం. ఈలోగా నోటీసు వస్తే కవరుతో సహా ఫోటో తీసి అదే రోజు నాకు పంపు.

ఇట్లు
మీ మామ